వీసా మీద పేరు ఎవరిది? గల్ఫ్ హోటళ్ల పనికి వెళ్లేవారు చూసుకోవలసినవి

జగిత్యాల (మా విలేఖరి): ఒకప్పుడు మన పల్లెల నుంచి గల్ఫ్ పోయే మనిషి అంటే పార పట్టేవాడు, తాపీ పట్టేవాడు, సెంట్రింగ్ కట్టేవాడు. మండుటెండలో పని. ఇప్పటి పిల్లలు ఎండ పని అంటే ముఖం తిప్పుకుంటున్నారు. "హోటల్ పని, ఏసీల పని, తిండికి ఫికరు లేదు" అని ఏజెంటు చెబితే మాత్రం వెంటనే పాస్‌పోర్టు తీసి చేతిలో పెడుతున్నారు. రాయికల్, మల్లాపూర్, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో ఏ బస్టాండు హోటల్లో కూర్చున్నా ఈ మాటే వినిపిస్తుంది.

గల్ఫ్‌లో హోటళ్లకు మనుషులు కావాలన్నది అబద్ధం కాదు. దుబాయిలో 2021 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు ఎక్స్‌పో జరిగింది. 2022 చివర ఖతర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. వాటి కోసం లేచిన హోటళ్లు పోటీలు అయిపోయాక మూతపడలేదు. గదులు ఊడ్చేవారు, దుప్పట్లు మార్చేవారు, వంటశాలలో కూరగాయలు కోసేవారు, సామాను మోసేవారు వేలల్లో కావాలి. కిచెన్ స్టీవార్డ్ అనగానే పెద్ద కొలువు అనుకునేరు. గిన్నెలు తోమే మనిషికే అక్కడి హోటళ్లలో ఆ పేరు. ఏజెంటు ఈ సంగతి విడమరచి చెప్పడు.

పని ఉన్న మాట నిజమే కాని, ఆ పనికి ఏ వీసా మీద పోతున్నాం, ఆ వీసా ఇచ్చిన యజమాని తాను చేయవలసినవి చేస్తున్నాడా అన్నది ఎవరూ అడగడం లేదు. అడగకపోతే ఏమవుతుందో మన జిల్లాలోనే చాలా ఇళ్లకు తెలుసు.

చట్టం ఏమంటున్నది?

మనవారు ఎక్కువగా వెళ్లేది దుబాయి, షార్జా, అబుదాబి ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశానికి. అక్కడ 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం కార్మికుణ్ణి రప్పించుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం యజమానిదే. వర్క్ పర్మిట్, వీసా, వైద్య పరీక్ష, గుర్తింపు కార్డు ఖర్చు కార్మికుడి దగ్గర తీసుకోకూడదు. తరువాత జీతంలో కోసుకోకూడదు. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అంతకు మించి చేయిస్తే ఓవర్‌టైం కట్టివ్వాలి, అది కూడా మామూలుగా రోజుకు 2 గంటలు దాటకూడదు. వారంలో ఒకరోజు సెలవు. ఏడాది నిండితే 30 రోజుల జీతంతో సెలవు.

చట్టంలో ఇంత ఉందని గల్ఫ్‌లో పదేళ్లు ఉండి వచ్చినవారు కూడా చెప్పలేకపోతున్నారు. అది వారి తప్పు కాదు. వారికి ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఆఫర్ లెటర్ సంగతి. 2016 జనవరి నుంచి ఆ దేశంలో ఒక పద్ధతి పెట్టారు. కార్మికుడు తన దేశం నుంచి బయలుదేరకముందే యజమాని పంపిన ఆఫర్ లెటర్ మీద సంతకం చేయాలి. అందులో పని పేరు, బేసిక్ జీతం, అలవెన్సులు, పని గంటలు రాసి ఉంటాయి. అక్కడికి పోయాక రాసుకునే ఒప్పందం దానికి తేడా ఉండకూడదు. జీతం తగ్గించి మరో కాగితం మీద సంతకం పెట్టించడం చెల్లదు. ఈ కాగితం అరబిక్, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి తెలిసిన భాషలో కూడా ఉండాలన్నారు. పద్ధతి మొదలైనప్పుడు హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, నేపాలీ, బెంగాలీ చేర్చారు. తెలుగు చేర్చలేదు. మనవాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో చూస్తే ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది. ఉర్దూ గాని హిందీ గాని చదవగలిగినవారు ఊళ్లో ఒకరైనా ఉంటారు కనుక వారిచేత చదివించుకోవడం మేలు.

ఖతర్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస జీతం చట్టం వచ్చింది. నెలకు 1,000 రియాళ్లు బేసిక్. తిండి యజమాని పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. అక్కడ వేరే యజమాని దగ్గరికి మారడానికి పాత యజమాని కాగితం అవసరం లేదని 2020లోనే మార్చారు. సౌదీలో ఆకామా ఖర్చు, దాని రెన్యువల్ ఖర్చు యజమానివే. కువైట్‌లో ఇంటి పని వీసాను 20 నంబరు అంటారు, కంపెనీ పని వీసాను 18 నంబరు అంటారు. 20 నంబరు మీద పోయి హోటల్లో పని చేయడం అక్కడ నేరం. 2024 జులై నుంచి సెప్టెంబరు వరకు మాత్రం కొద్ది కాలం 20 నుంచి 18కి మారే అవకాశం ఇచ్చారు. కడప, గోదావరి జిల్లాల వారికి ఈ నంబర్ల సంగతి మనకంటే బాగా తెలుసు.

తప్పించుకునే దారులు

చట్టం ఇంత గట్టిగా ఉంటే మోసం ఎక్కడ జరుగుతున్నది? తిరిగి వచ్చిన పలువురితో మాట్లాడితే తేలింది ఏమంటే, పెద్ద హోటల్ తన సొంత వీసా మీద తెచ్చుకున్న మనుషుల విషయంలో సాధారణంగా రూలు తప్పదు. దానికి పేరు పోతుందన్న భయం ఉంటుంది, తనిఖీలు ఉంటాయి. చిక్కంతా వీసా వేరేవాడిదై, పని హోటల్లో అయినప్పుడే.

హోటళ్లు గదులు ఊడ్చే పని, గిన్నెలు తోమే పని చాలావరకు క్లీనింగ్ కంపెనీలకు, మనుషులను సప్లయి చేసే కంపెనీలకు అప్పగిస్తాయి. ఏజెంటు మనకు చూపించేది హోటల్ ఫోటో. అద్దాల మేడ, ఈత కొలను, తెల్ల టోపీ పెట్టుకున్న వంటవాళ్లు. వీసా మీద ఉండేది సప్లయి కంపెనీ పేరు. జీతం ఇచ్చేది, క్యాంపు రూము ఇచ్చేది ఆ కంపెనీయే. అక్కడి ప్రభుత్వం అనుమతి ఉంటే ఇది చట్టవిరుద్ధం కాదు. కాని జీతం ఆగితే హోటల్ గేటు దగ్గరికి పోయి అడగడానికి లేదు. "నీ కంపెనీని అడుగు" అంటారు.

ధర్మపురి ప్రాంతానికి చెందిన ఒకాయన దుబాయిలో ఒక హోటల్ వంటశాలలో తొమ్మిదేళ్లు పనిచేసి 2024లో ఇల్లు చేరాడు. ఆయన హోటల్ సొంత వీసా మీద ఉన్నాడు. "మేము పంచింగ్ చేస్తుంటిమి. ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైం పడేది. పాస్‌పోర్టు నా పెట్టెలనే ఉండేది. నా పక్కకు నిలబడి అదే గిన్నెలు తోమే పిల్లలు సప్లయి కంపెనీ వాళ్లు. వాళ్లకు పన్నెండు గంటలు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. మా మెస్సుల తినుడు కూడ వాళ్లకు లేకుండె" అని చెప్పాడు. తన పక్కన పనిచేసిన పిల్లల్లో మన మండలాల వారు కూడా ఉన్నారని అన్నాడు.

ఆయనకు పని మానుకునేటప్పుడు గ్రాట్యుటీ వచ్చింది. దాని లెక్క అందరూ తెలుసుకోవాలి. ఏడాది నిండినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. తొమ్మిదేళ్లకు 105 రోజులు, 120 రోజులు కలిపి 225 రోజులు. ఆయన చివరి బేసిక్ 1,000 దిర్హములు. 30 రోజులకు భాగిస్తే రోజుకు 33 పైచిలుకు. మొత్తం 7,500 దిర్హములు. దిర్హం 20 రూపాయల పైమాటే కనుక మన లెక్కలో లక్షన్నర దాటింది.

ఇందులో గమనించవలసింది బేసిక్ అన్న మాట. కొందరు యజమానులు ఆ 1,000నే 600 బేసిక్, 400 అలవెన్సులు అని విడగొట్టి రాస్తారు. నెలనెలా చేతికి వచ్చేది అంతే. గ్రాట్యుటీ మాత్రం 600 మీదే లెక్క కడతారు. అదే 225 రోజులకు 7,500 రావలసింది 4,500 అవుతుంది. సంతకం చేసే రోజున ఈ తేడా కనిపించదు. తొమ్మిదేళ్ల తర్వాత కనిపిస్తుంది.

జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలని ఆ దేశంలో 2009 నుంచి పద్ధతి ఉంది. గడువు దాటినా జీతం వేయని కంపెనీకి కొత్త పర్మిట్లు ఆపేస్తారు. దీన్ని కూడా తప్పించుకునేవారు ఉన్నారు. జీతం బ్యాంకులో వేసి, ఏటీఎం కార్డు సూపర్‌వైజరు దగ్గర పెట్టుకుంటాడు. లేదా తీసిన డబ్బులో కొంత చేతికి తిరిగి ఇమ్మంటాడు. కాగితాల్లో పూర్తి జీతం ముట్టినట్టు ఉంటుంది. పాస్‌పోర్టు కూడా అంతే. "మీ మంచికే, పోగొట్టుకుంటారు" అని తీసుకుంటారు. అడిగితే "సెలవు రోజున ఇస్తాం" అంటారు. కార్డు ఇవ్వకుండా ఉండడం, పాస్‌పోర్టు ఇవ్వకుండా ఉండడం కార్మికుడి హక్కే. కాని కొత్తగా దిగిన పిల్లవాడు ఎయిర్‌పోర్టు బయట కంపెనీ వ్యాను ఎక్కేటప్పుడు ఈ మాట అనగలడా అన్నది వేరే సంగతి.

విజిట్ వీసా మీద కొలువు

ఇదంతా వర్క్ పర్మిట్ ఉన్నవారి గోడు. అది కూడా లేకుండా పోతున్నవారే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నారు. "ముందు విజిట్ మీద పో, అక్కడ హోటలాయన వీసా మారుస్తడు" అన్నది ఏజెంటు మాట. విజిట్ వీసా 30 రోజులో 60 రోజులో ఉంటుంది. ఆ వీసా మీద ఒక్కరోజు పనిచేసినా నేరమే. యజమానికీ నేరమే.

రాయికల్ మండలంలోని ఒక ఊరికి చెందిన 24 ఏళ్ల యువకుడు 2024 మార్చి మధ్యలో ఇలాగే వెళ్లాడు. ఊరి ఏజెంటుకు లక్షా 20 వేలు ఇచ్చాడు. నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. నెలకు వడ్డీయే 3,600. పని ఒక కఫెటీరియాలో. కఫెటీరియా అంటే అక్కడ చాయ్, పరోటా అమ్మే చిన్న హోటల్. జీతం 1,200 దిర్హములన్నారు. మొదటి నెల జీతం "వీసా మార్చే ఖర్చు" కింద పట్టుకున్నారు. రెండో నెల 800 ఇచ్చారు. మే మధ్యలో 60 రోజులు అయిపోయాయి. యజమాని "రేపు, ఎల్లుండి" అన్నాడు. గడువు దాటితే రోజుకు 50 దిర్హముల జరిమానా. ఆగస్టు చివరికి అది 5,000 దిర్హములు దాటింది. అతను పనిచేసిన రోజులకు తీసుకున్న మొత్తం జీతం కంటే జరిమానాయే ఎక్కువ.

జులైలో అతను జీతం గట్టిగా అడిగాడు. యజమాని రేపటి నుంచి రావద్దన్నాడు. ఫిర్యాదు చేయడానికి భయం. చేతిలో ఒప్పందం లేదు, పర్మిట్ లేదు. "నేనే దొంగ లెక్క తిరిగిన. పోలీసు బండి కనబడితే సందుల పడేటోన్ని" అని చెప్పాడు. మనవాళ్ల భాషలో ఖల్లివెల్లి అయిపోయాడు.

అతని అదృష్టం కొద్దీ 2024 సెప్టెంబరు 1 నుంచి అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించింది. అక్టోబరు చివరి వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ గడువులో జరిమానా లేకుండా, మళ్లీ రాకుండా నిషేధం లేకుండా ఇంటికి పోవచ్చు. అతను అక్టోబరులో వచ్చేశాడు. విమానం టికెట్‌కు రూములోని తోటివారు చందా వేసుకున్నారు. ఇంటికి వచ్చేసరికి వడ్డీయే 25 వేలు అయింది. అసలు లక్షా 20 వేలు అలాగే ఉంది. ఇప్పుడు అతను జగిత్యాలలో ఒక దుకాణంలో పనిచేస్తున్నాడు. ఏజెంటు మీద కేసు పెట్టలేదు. ఏజెంటు దూరపు చుట్టం.

ఇంతకుముందు 2018 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కూడా ఆమ్నెస్టీ ఇచ్చారు. ఆరేళ్లకు ఒకసారి వచ్చే దయను నమ్ముకుని విమానం ఎక్కడం ఎంత తెలివో చదువరులే ఆలోచించాలి.

యజమానికి శిక్ష లేదా? ఉంది. వర్క్ పర్మిట్ లేకుండా మనిషిని పనిలో పెట్టుకుంటే ఇంతకుముందు 50 వేల నుంచి 2 లక్షల దిర్హముల వరకు జరిమానా ఉండేది. 2024 ఆగస్టు 31 నుంచి దాన్ని లక్ష నుంచి 10 లక్షల దిర్హముల వరకు పెంచారు. మనిషిని రప్పించి పని చూపించకుండా వదిలేసిన యజమానికి కూడా అదే జరిమానా. మనవాళ్లు ఆజాద్ వీసా అనేది ఇదే. కఫీలు పేరు మీద వీసా కొని, బయట ఎక్కడో పని చూసుకోవడం. అందులో ఆజాదీ ఏమీ లేదు. పెంచిన జరిమానాలతో చిన్న హోటళ్ల వాళ్లు భయపడుతున్నారని, విజిట్ మీద ఉన్నవారిని తనిఖీ వస్తుందంటే వెనుక తలుపు నుంచి పంపించేస్తున్నారని ఇటీవల వచ్చినవారు చెబుతున్నారు. అంటే భయం యజమానికి, పరుగు కార్మికుడికి.

పర్మిట్ ఉండి జీతం ఆగినవారికి మాత్రం ఇప్పుడు కాస్త దారి దొరికింది. 2024 జనవరి నుంచి 50 వేల దిర్హముల లోపు తగాదాలను అక్కడి కార్మిక శాఖే తేల్చి తీర్పు ఇవ్వగలదు. కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసిన పని తగ్గింది. హోటల్ కార్మికుల బాకీలు దాదాపు అన్నీ ఆ మొత్తానికి లోపే ఉంటాయి. ఫిర్యాదు చేసినవాడి మీద యజమాని "పారిపోయాడు" అని కేసు వేయడం ఉంది. అందుకే పని మానేసి దాక్కోకుండా, పనిలో ఉండగానే ఫిర్యాదు ఇవ్వడం మంచిదని అనుభవం ఉన్నవారు చెబుతున్నారు.

మన దగ్గర జరిగే తప్పు

అక్కడి యజమాని సంగతి అలా ఉంచితే, మోసానికి మొదటి మెట్టు మన ఊళ్లోనే పడుతున్నది. 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు లేనివారు విదేశీ కొలువులకు మనుషులను పంపకూడదు. సబ్ ఏజెంటు అన్న మాటే చట్టంలో లేదు. ఊళ్లల్లో డబ్బు తీసుకునేవారు మాత్రం అందరూ సబ్ ఏజెంట్లే. ఆ చట్టంలో రాసిన శిక్ష రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. 1983లో రెండు వేలంటే పెద్ద మాటే. ఇప్పుడు అది ఏజెంటు ఒక పూట మందు ఖర్చు. ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్ర ప్రభుత్వం 2025లో ముసాయిదా ప్రకటించింది.

లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీ 30 వేల రూపాయలకు మించి తీసుకోకూడదు. దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. మన జిల్లాలో లక్ష, లక్షన్నర ఇస్తున్నవారిని ఈ విలేఖరి రసీదు అడిగితే, ఒక్కరి దగ్గర కూడా లేదు. ఇద్దరు ముగ్గురు ఫోన్‌పేలో పంపిన లెక్క చూపించారు. అదైనా కొంత నయం. ఎక్కువమంది నోట్ల కట్టలే ఇచ్చారు.

పది చదవనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వారు గల్ఫ్ సహా 18 దేశాలకు కొలువు మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. దానికి యజమాని ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ కంప్యూటరు పద్ధతిలో నమోదై ఉండాలి. ఎంతమంది కావాలి, జీతం ఎంత అన్నది అందులో పెట్టాలి. ఆ యజమాని నిజంగా ఉన్నాడా లేడా అని మన రాయబార కార్యాలయం చూస్తుంది. కష్టమే, ఆలస్యమే. కాని యజమాని రూలు పాటించేవాడా కాదా అని పిల్లవాడు ఇల్లు దాటకముందే తెలిసే దారి అదొక్కటే.

పది పాసైనవారికి ఈ అనుమతి అక్కరలేదు. చదువుకున్నవాడు తనను తాను చూసుకోగలడని ప్రభుత్వం అనుకున్నది. ఫలితం ఏమంటే, చదువుకోని తండ్రికి ఉన్న రక్షణ పది చదివిన కొడుక్కి లేకుండా పోయింది. హోటల్ పనికి పోయే పిల్లలు దాదాపు అందరూ పది దాటినవారే. విజిట్ వీసా మీద పోయేవారికి, పది చదవకపోయినా, ఆ అనుమతి అడగరు. ఏజెంట్లకు ఈ రెండు సందులూ బాగా తెలుసు. ఎయిర్‌పోర్టులో అడిగితే "మా అన్న దగ్గరికి చూడపోతున్న" అని చెప్పమని నేర్పించి పంపిస్తున్నారు. ఆ మాట చెప్పి విమానం ఎక్కినవాడు తర్వాత "నన్ను పనికని పంపిండ్రు" అంటే వినేవాడు ఎవడు?

మల్లాపూర్ మండలంలో ఒక రైతు ఇప్పుడు ఇదే సందిగ్ధంలో ఉన్నాడు. కొడుకు ఇంటర్ తప్పాడు. దుబాయిలో హోటల్లో రూము బాయి కొలువని, నెలకు 1,500 దిర్హములని ఏజెంటు చెప్పాడు. లక్షన్నర అడిగాడు. ముందు 50 వేలు కట్టమన్నాడు. వీసా ఏమిటంటే విజిట్. "ఆఫర్ లెటర్ ఏదీ అంటే, అక్కడికి పోయినంక ఇస్తరు అంటున్నడు సారూ. నీకు నమ్మకం లేకుంటే చెప్పు, ఇంకా నలుగురు లైన్ల ఉన్నరు అన్నడు" అని ఆ రైతు వాపోయాడు. మక్క అమ్మిన డబ్బు 50 వేలు ఇంట్లోనే ఉంది. భార్య ఇవ్వవద్దంటున్నది. కొడుకు ఇస్తేనే అన్నం తింటానంటున్నాడు.

ఏజెంటు చెప్పింది రూలుకు పూర్తిగా వ్యతిరేకం. ఆఫర్ లెటర్ ఇక్కడే రావాలి. పోయాక వచ్చేది కాదు. ఆ రైతుకు ఈ విలేఖరి అదే చెప్పాడు. హోటల్ పేరు, వీసా ఇచ్చే కంపెనీ పేరు కాగితం మీద రాసి ఇమ్మని ఏజెంటును అడిగితే, రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదట.

డబ్బు కట్టకముందే ఆ పని చేయడం ఎవరికైనా కష్టం కాదు. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్‌లో అందరూ చూడవచ్చు. ఊళ్లో సెల్‌ఫోను ఉన్న ఏ పిల్లవాడైనా వెతికి పెడతాడు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ కొలువులకు మనుషులను పంపుతుంది. ఎమిగ్రేషన్ సంగతులకు హైదరాబాదులో ప్రొటెక్టర్ కార్యాలయం ఉంది. ఇంతమంది గల్ఫ్ పోయే జగిత్యాలలో అలాంటి కార్యాలయం ఒకటి పెట్టాలని గల్ఫ్ బాధితులు అడుగుతున్నారు. ఒక సందేహం తీర్చుకోవడానికి హైదరాబాదు పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది. ఏజెంటు అయితే ఇంటికే వస్తాడు.

మనిషి పోతే

చెప్పడానికి మంచి మాట కాదు గాని చెప్పక తప్పదు. ప్రొటెక్టర్ అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. విజిట్ మీద పోయినవారికి ఈ బీమా ఉండదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించి, 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి మండల కార్యాలయం చుట్టూ తిరగాలన్నా పాస్‌పోర్టు, వీసా, పని కాగితాలు అడుగుతారు. మనిషితో పాటు కాగితాలు కూడా అక్కడే ఉండిపోతే భార్య ఏం చూపిస్తుంది?

ఈ మధ్య ఒక ఊళ్లో ఒక ఇల్లాలిని మీ ఆయన పనిచేసే హోటల్ పేరేమిటని అడిగితే చెప్పలేకపోయింది. ఏ ఊరు అంటే దుబాయి అన్నది. వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. ఆయన వెనుక కనిపించే గోడ రంగు కూడా ఆమెకు తెలుసు. కంపెనీ పేరు తెలియదు.

కనుక పోయేవారు పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటర్, టికెట్ జిరాక్సులు ఇంట్లో ఇనుప పెట్టెలో పెట్టి పోవాలి. అక్కడికి చేరి ఒప్పందం, గుర్తింపు కార్డు రాగానే వాటి ఫోటోలు ఇంటికి పంపాలి. ఓవర్‌టైం చేసిన గంటలు రోజూ ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నవారికి ఫిర్యాదు వేళ అది పనికివచ్చిందని వచ్చినవారు చెప్పారు.

ఎమిరేట్స్‌లో ఉన్నవారు ఆపదలో ఉంటే భారత ప్రభుత్వ సహాయ కేంద్రానికి 800 46342 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. ఇక్కడి నుంచి కుటుంబీకులు 1800 11 3090కు చేయవచ్చు. మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో 2015 నుంచి ఫిర్యాదులు తీసుకుంటున్నారు. ఎక్కడ ఫిర్యాదు చేసినా ముందు అడిగేది పాస్‌పోర్టు నంబరు, ఆ తర్వాత కంపెనీ పేరు.